తప్పుల బుక్కు

నన్ను కొలువుల నుంచి తీసేసిన కమిటీ మీద నాకిప్పుడు కోపం లేదు. ప్రిన్సిపాల్ సారు మీద లేదు, నా జాగల ఉండిపోయిన సారు మీద అసలే లేదు. నా కోపమంత ఒక్క మనిషి మీద. గా మనిషిని నలుగురి ముంగట మేడం అని పిలిచేదాన్ని, ఇద్దరమే ఉంటే అక్కా అనేదాన్ని. పాఠం ఎట్ల చెప్పాల్నో నాకు నేర్పింది గా అక్కనే. గా పాఠం చెప్పే జాగ నాకు లేకుంట చేసింది గూడ గా అక్కనే. ఈ ముచ్చట చెప్తుంటే ఇప్పటికీ నా గొంతు పెద్దగైతది. మా ఆయన "జర మెల్లగ చెప్పరాదే, పక్కింటోళ్లు కొట్లాట అనుకుంటరు" అంటడు. అనుకోనీ. కొట్లాటనే.

రాష్ట్రమొచ్చిన కొత్తల మేం కల్వకుర్తిల కిరాయికుంటుంటిమి. మా పుట్టినూరు హుజూర్‌నగర్ దిక్కు, కాలువ నీళ్లు, ఏడాదికి రెండు పంటలు. పెండ్లయినంక పాలమూరు దిక్కు వచ్చిన. మా ఆయనది బోరు మోటర్లకు వైండింగ్ చేసే పని, కాలిన మోటర్లు గా దిక్కు మస్తు. నేను ఎకనామిక్స్‌ల ఎమ్మే చేసి ఇంట్ల కూసున్న. శ్రీశైలం రోడ్డు మీద బస్సుల కొంత దూరం పోయి దిగితే ఒక సర్కారు డిగ్రీ కాలేజి ఉండె. ఆడ గెస్ట్ లెక్చరర్ కావాల్నని పేపర్ల వేసిన్రు. పోయిన, డెమో క్లాసు చెప్పిన, నన్ను తీసుకున్నరు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తే గ్రీజు చేతులతోనే నా తలకాయ మీద చెయ్యి పెట్టిండు.

గెస్ట్ లెక్చరర్ అంటే ఏందో తెల్వనోళ్లకు చెప్త. పాఠం రెగ్యులరోళ్ల లెక్కనే చెప్పాలె. పరీక్షలల్ల డ్యూటీ చెయ్యాలె, పేపర్లు దిద్దాలె, పంద్రాగస్టుకు జెండా కాడ నిలబడాలె. కాని కొలువు ఏడాదికే. ఎండాకాలం సెలవులు రాంగనే తీసేసినట్టే. మళ్ల కాలేజి తెరిచినంక కమిటీ కూసుంటది, ఉంచాల్నా వద్దా అని మళ్ల మొదటి నుంచి చూస్తది. అందుకే జూన్ నెలంటే మాకు బుగులు. ఇంకో ముచ్చట. రెగ్యులర్ లెక్చరర్లను ఓరియంటేషన్ అని, రిఫ్రెషర్ కోర్సు అని యూనివర్సిటీలకు తోలుతరు. వారాలకు వారాలు ఆడనే ఉండి, సంచి నిండ పుస్తకాలు, మెడల ట్యాగు ఏసుకోని వస్తరు. గెస్టోళ్లకు గవేం ఉండవ్. పాఠం ఎట్ల చెప్పాల్నో మాకు ఎవ్వరు నేర్పరు. వస్తే చెప్పు, రాకుంటే పో.

మొదటి నెల నా క్లాసు గురించి అడగనే అడగొద్దు. ఇంగ్లీష్ మీడియం సెక్షన్ ఇచ్చిన్రు. పిల్లలేమో ఇంటర్ దాక తెలుగుల చదివినోళ్లు, నేను గూడ గంతే. పుస్తకంల ఉన్న ఇంగ్లీషు ముక్కలు బోర్డు మీద రాసి, ఎనకకు తిరగకుంటనే చదివి, బెల్లు కొట్టంగనే బయటపడుతుంటి. ఒకనాడు ముందటి బెంచి పిల్ల లేచి, "మేడం, గిది పరీక్షల వస్తదా? వస్తే చెప్పుండ్రి, బట్టీ పడతం. అర్థం చేసుకునుడు మీతోని కాదు, మాతోని కాదు" అన్నది. క్లాసంత ఒక్కటే నవ్వు. పిల్లది బత్తమీజుగ అనలే, ఉన్నమాటే అన్నది. గదే ఇంకా ఎక్కువ కోసింది. స్టాఫ్ రూంకొచ్చి కిటికీ దిక్కు మొఖం పెట్టి ఏడిచిన.

గప్పుడు పక్క కుర్సీల ఉన్న మేడం నా ముంగట నీళ్ల బాటిల్ పెట్టింది. మా ఎకనామిక్స్‌ల ఆమెనే సీనియర్, రెగ్యులర్. వయసుల నాకంటే పదిహేనేండ్లన్న పెద్ద. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, నూనె రాసి గట్టిగ ఏసిన జడ, తక్కువ మాట. అప్పటిదాక నాతోని బాగున్నవా అంటే బాగున్న, గంతే. "ఏడుపు అయిపోయినంక చెప్పు. రేపు నీ క్లాసులకు నేనొస్త" అన్నది. నాకు ఇంక బుగులు పట్టింది.

చెప్పినట్టే వచ్చింది. ఎనక బెంచీల పిల్లల నడుమ కూసున్నది. క్లాసు అయినంక స్టాఫ్ రూం తలుపు దగ్గరికేసి, "ఇయ్యాల పాఠం నువ్వు చెప్పినవా, బోర్డు చెప్పిందా?" అనడిగింది. నేను తల కిందికేసిన. అల్మారి తెరిచి, అట్ట ఏసిన ఒక లాంగ్ నోటుబుక్కు తీసి నా చేతుల పెట్టింది. "గిది నీది. దినాం క్లాసు కాంగనే, ఇంకా చాయ గూడ తాగకముందే, ఇయ్యాల ఏం తప్పు చేసినవో నీ చేత్తోని రాయి. తారీఖు ఎయ్యి, కింద దస్కత్ పెట్టు. దస్కత్ లేకుంటే మనిషి రేపు నేను గట్ల అనలే అంటది. శనివారం మధ్యాహ్నం నాకు చూపెట్టు. మన ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెల్వొద్దు."

"రిఫ్రెషర్ కోర్సుల గిట్ల నేర్పుతరా మేడం?" అని అడిగిన.

"ఆడ భోజనాలు మంచిగ పెడతరు, గంతే" అని నవ్వింది. "గిది నాకు నేనే నేర్చుకున్న. నాకు ఎవ్వరు చూసెటోళ్లు లేకుండిరి. ఇగ మేడం అనకు, అక్కా అను." గా నవ్వు చూసి నా పానం నిమ్మలమైంది. మూడో మనిషికి తెల్వొద్దన్న మాట నాకోసమే అన్నదనుకున్న.

ఉన్నది ఉన్నట్టు చెప్త. గా మొదటి ఏడు ఆమె నాకు చేసిన మేలు మా అమ్మ గూడ చెయ్యలే. "ఎనక బెంచీల దిక్కు ఒక్కసారి గూడ చూడలే" అని రాసిన. "ప్రశ్న అడిగి జవాబు నేనే చెప్పిన" అని రాసిన. "తెల్వదని ఒప్పుకోవాల్సిన కాడ పిల్లగాండ్లను దబాయించిన" అని గూడ రాసిన. గది రాసేతప్పుడు సిగ్గుతోని చెవులు ఎర్రగైనయ్. శనివారం మధ్యాహ్నం కాలేజి ఖాళీగైనంక ఇద్దరం కూసుంటుంటిమి. ఆమె డబ్బల అటుకులు తెచ్చేది, నేను పల్లీలు ఉడకబెట్టుకపోయేది. ఆమె చదివి, ఒక్కొక్క తప్పు కాడ వేలు పెట్టి, "గిది వచ్చే వారం ఉండొద్దు" అనేది. బాజాప్త ఉండకుండె గూడ. బోర్డు ఇడిచి పిల్లల మొఖాలు చూసుడు నేర్చుకున్న. తెల్వకుంటే తెల్వదు, రేపు చూసుకోని వస్త అనుడు నేర్చుకున్న. రిఫ్రెషర్ కోర్సుకు నన్ను తోలకపోతే ఏమాయె, నాకు అక్క ఉన్నది అనుకునేదాన్ని.

మాతోని ఇంకొక గెస్ట్ సారు ఉండె. ఆయనదీ ఎకనామిక్సే, రెండో సెక్షన్ చెప్తుండె. అక్క ఆయనకు గూడ ఒక నోటుబుక్కు ఇచ్చింది. ఆయన అటు ఇటు తిప్పి చూసి, "అట్ట మంచిగేసిన్రు మేడం. కని నాకేం తప్పులుంటయ్?" అని కిసకిస నవ్విండు. బుక్కు తీసుకపోయి డ్రాల పడేసిండు. ఒక్క అక్షరం రాయలే. ఆయన్ని చూసి నేను లోపల్లోపల మురిసిపోయిన, నా అంత సాహసం గీయనకు ఎక్కడిదని. నా పిచ్చి గాకుంటే.

రెండో ఏడు జూన్‌ల నన్ను మళ్ల తీసుకున్నరు. గా ఏడు నా జిందగిల మంచి క్లాసు ఒకటి జరిగింది. ధర పెరిగితే కొనేటోళ్లు ఎంత తగ్గుతరు, దాన్నే మా పుస్తకంల డిమాండ్ వ్యాకోచత్వం అంటరు, గా పాఠం. బక్రీద్ పండుగ దగ్గరికొచ్చింది. పుస్తకం మూసి, "పొట్టేండ్ల ధర ఇప్పుడెట్లున్నదిరా?" అని అడిగిన. గొర్లు కాసే ఇంటి పిల్లగాడొకడు లేచి, "మా నాయిన ఇప్పుడు అమ్మడు మేడం, పండుగ రెండు దినాలున్నదనంగ అమ్ముతడు, గప్పుడు ఎంత చెప్పినా కొంటరు" అన్నడు. మటన్ దుకానం ఉన్న సాయిబుల పిల్ల ఊకుంటదా? "ఆపుకోమను మేడం! పండుగ మర్నాడు మా అబ్బా వాళ్లింటికి పోయి సగం ధరకు అడుగుతడు. గప్పుడు ఏడుస్తరు" అన్నది. ఇగ చూడు లొల్లి. పండుగ ముంగట ధర పెరిగినా కొనుడు ఎందుకు ఆగదు, మర్నాడు తగ్గినా కొనేటోడు ఎందుకుండడు, వాళ్లే కొట్లాడుకోని వాళ్లే తేల్చుకున్నరు. నేను ఉత్తగ బోర్డు మీద గీత గీసిన. బెల్లు కొట్టినా ఎవ్వరు లేవలే.

స్టాఫ్ రూంకొచ్చి బుక్కు తెరిచిన. ఎంత ఆలోచించినా తప్పు యాదికి రాలే. "ఇయ్యాల తప్పులేం లేవు" అని రాసి దస్కత్ పెట్టిన. శనివారం నాడు అక్క గా లైను చదివింది, బుక్కు మూసేసింది. "తప్పు లేని క్లాసు ఉంటదా? గిట్ల రాసుడు అబద్ధం. నీకు అప్పుడే గర్వం మొదలైంది పిల్లా" అన్నది. నేను తెచ్చిన పల్లీలు ముట్టలే. నాకు అన్నం సయించలే గా రెండు దినాలు. మళ్ల ఆమె నాతోని మంచిగ మాట్లాడాల్నని, గదే క్లాసుకు ఎనకకు పోయి రాసిన: "లొల్లి ఎక్కువైంది. క్లాసును అదుపుల పెట్టలేకపోయిన." అక్క చూసి తలకాయ ఊపింది. "గట్ల. మనిషి లోపలికి చూసుకోవాలె" అన్నది.

అగో, నేను చేసిన అసలు తప్పు గది. గది మాత్రం బుక్కుల ఎక్కడ లేదు. గప్పటి నుంచి క్లాసు మంచిగైన నాడు గూడ తప్పు ఎతికి ఎతికి రాసిన. "సిలబస్ దాటి మాట్లాడిన." "తెలుగు ఎక్కువైంది." "తయారుగాకుంట పోయిన." తయారుగాకుంట ఒక్కనాడు పోలే నేను, బస్సుల గూడ చదువుకుంట పోయేదాన్ని. కని పేజీ నిండితే అక్క ఖుషీ. అక్క ఖుషీగుంటే నాకు చాలు. ఇంట్ల కూసోని రాస్తుంటే మా ఆయన చూసి, "చెయ్యని తప్పు ఎందుకు రాసుకుంటున్నవే? కాలని మోటరుకు వైండింగ్ చేస్తరా ఎవరన్న?" అన్నడు. "నీకు తెల్వదు, ఊకో" అన్న. పైసకు పనికిరాని తెలివి నాది.

ఇంకొకటి గూడ చెప్పాలె, దాచొద్దు. ఫైనలియర్ పేపర్లు అక్క చెప్తుండె. ఒకనాడు ఫైనలియర్ పిల్లలు నలుగురు నా దగ్గరికొచ్చి, "మేడం, మా పేపర్ గూడ మీరే చెప్పరాదుండ్రి. గా మేడం చెప్తే నిద్రొస్తుంది" అన్నరు. నేను వాళ్లను కోపం చేసి పంపిన. కని లోపల ఒక్కటే సంబురం. శనివారం ఉరుకుకుంట పోయి అక్కకే చెప్పిన. "అక్కా, చూసినవా, నువ్వు నేర్పిందే గదా, పిల్లలు నన్ను అడుగుతున్నరు!" అన్న. నిద్ర ముచ్చట గూడ నవ్వుకుంట చెప్పిన. సోయి లేదు నాకు. సంకల ఎత్తుకోని పెంచిన తల్లి బిడ్డ నడిస్తే చూసి మురిసినట్టు మురుస్తదనుకున్న. ఆమె గూడ నవ్వింది. "మంచిదే గదా" అన్నది. అటుకుల డబ్బ మూత పెట్టి లేచింది. వచ్చే వారం నుంచి మళ్ల నా క్లాసులకు వచ్చి ఎనక బెంచీల కూసునుడు షురూ చేసింది. వారానికి రెండుసార్లు, మూడుసార్లు. ఎందుకక్కా అంటే, "నీ మంచికే" అన్నది. నేను నమ్మిన.

మూడో ఏడు జూన్ వచ్చింది. అడ్మిషన్లు పడిపోయినయ్. ఎకనామిక్స్‌కు రెండు సెక్షన్లల్ల ఒకటి పోయి ఒక్కటే మిగిలింది. ఇద్దరు గెస్టోళ్లల్ల ఒక్కరే ఉంటరని తెలిసింది. నాకేం ఫికర్ లేకుండె. పిల్లలు ఎవరి క్లాసుల కూసుంటరో కాలేజిల చెట్లకు గూడ తెలుసు. పైంగ కమిటీల ముగ్గురుంటే, గందుల మా డిపార్ట్‌మెంట్ ఇంచార్జిగ అక్కనే ఉన్నది. మా ఆయనతోని, "ఈ సారి దసరాకు గోడలకు రంగులేయించుదాం, ఇంకో ఏడాది ఈడనే గదా" అన్న.

లోపలికి పిలిచిన్రు. ప్రిన్సిపాల్ సారు ముంగట బల్ల మీద నా నోటుబుక్కు ఉన్నది. ముందుగాల నాకు సమజ్ కాలే. సెలవులల్ల బుక్కు అక్క అల్మారిలనే ఉంటది, గిక్కడెందుకున్నది అనుకున్న.

"గిది మీ చేతిరాతేనా అమ్మా?" అన్నడు సారు.

"అవును సార్."

"గీ దస్కత్?"

"నాదే సార్."

సారు పేజీలు తిప్పిండు. చదువుకుంట పోయిండు, ఏదో ఇంటి కాయితం చదివినట్టు నిమ్మలంగ. క్లాసును అదుపుల పెట్టలేకపోయిన. సిలబస్ దాటి మాట్లాడిన. తయారుగాకుంట పోయిన. "మేం కొత్తగ చెప్పేదేమున్నదమ్మా, అన్ని మీరే రాసుకున్నరు. గా రెండో గెస్ట్ సారు మీద ఒక్క మాట గూడ లేదు చూడుండ్రి" అన్నడు. "సార్, గవి నేర్చుకునేతందుకు రాసుకున్నవి" అన్న. "మీరు నేర్చుకునేదాక పిల్లలు ఆగుతరా?" అన్నడు సారు. ఆయన చెడ్డగ అనలే గూడ, కాయితం చూసి మాట్లాడిండు. నేను అక్క దిక్కు చూసిన. ఒక్క మాట అను, ఒక్క మాట, అని కండ్లతోని బతిమాలుకున్న. ఆమె బల్ల మీద పెన్ను మూత పెట్టుకుంట, తీసుకుంట కూసున్నది.

బయటికొచ్చిన. వరండల నా ఎనక ఉరికొచ్చి అక్క నా చెయ్యి పట్టుకున్నది. "నేనియ్యలే పిల్లా. తాళం చెవి ఇంకొకటి ఆఫీసుల ఉంటది గదా, సారే తీసుకున్నడు. నేనేం చెయ్యాలె చెప్పు, నా నోరు కట్టేసినట్టైంది" అని ఎక్కెక్కి ఏడిచింది. నేనేం చేసిన్నో తెలుసా? నా కొంగుతోని ఆమె కండ్లు తుడిచిన. "ఏడువకక్కా, నా నసీబ్ గట్లున్నది, నీదేం తప్పున్నది" అన్న. కొలువు పోయింది నాది, ఓదార్చింది నేను. ఇప్పుడు యాదికొస్తే నా చేతులు నేనే కొరుక్కోవాల్ననిపిస్తది.

గా ఏడాదే సామాను సర్దుకున్నం. రామన్నపేటల మా ఆయన దోస్తుకు వైండింగ్ దుకానం ఉండె, ఆయనతోని కలిసిండు. నేను ఆడ ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజిల చేరిన. పొద్దటి నుంచి మాపటి దాక క్లాసులే, ఇంటర్ పిల్లలు, మార్కుల లొల్లి. చెప్పేది చెప్తుంటి గని డిగ్రీ పిల్లల క్లాసు నా కండ్లల్లనే తిరుగుతుండె. అక్క పండుగకోసారి ఫోన్ చేసేది. నేను నారాజ్ గాలే. ఫోన్ రాంగనే సంబురంగ లేచేదాన్ని. "నీకు గా మేడం అంటే పిచ్చి" అనేటోడు మా ఆయన.

రెండేండ్లైనంక ఒకనాడు ఫోన్ చేసి, "పిల్లా, నీతోని పని పడ్డది" అన్నది. కాలేజీలకు గ్రేడు ఇచ్చే టీం వస్తుందట. ప్రతి కాలేజి, మేం లెక్చరర్లను మంచిగ తయారు చేసేతందుకు ఏం చేస్తున్నమో ఒకటి చూపెట్టాల్నట. కొత్తగొచ్చిన ప్రిన్సిపాల్‌కు అక్క తన నోటుబుక్కు పద్ధతి చెప్పింది. ఆయనకు మస్తు నచ్చింది. కని కాలేజిల నిండ రాసి ఉన్న బుక్కు ఒక్కటే, నాది. "ఎనక పేజీలు కొన్ని మిగిలినయ్. మార్పు ఎట్లొచ్చిందో నీ చేతిరాతతోని రాస్తే బాగుంటది. జర వచ్చి రాసిపో. గెస్టోళ్లను మళ్ల తీసుకుంటున్నరు, ఈ సారి నీ పేరు నేనే చెప్త" అన్నది. మా ఆయన ఒక్కటే మాట అన్నడు, "పోకు." నేను ఆయన మాట ఇంటినా? మళ్ల గా క్లాసులల్లకు పోవచ్చన్న ఆశ నాకు. ఐతారం పొద్దుగాల లేచి, నల్లగొండ పోయి, దేవరకొండ మీదికెళ్లి కల్వకుర్తి చేరిన. ఆడి నుంచి ఇంకో బస్సు. తొవ్వ పొంటి ఏ పాఠం తోని మొదలుపెట్టాల్నో ఆలోచించుకుంట పోయిన.

టీం వస్తుందని ఐతారం గూడ కాలేజి తెరిచే ఉన్నది. స్టాఫ్ రూంల అక్క ఒక్కతే ఫైళ్లు ముంగటేసుకోని కూసున్నది. నన్ను చూసి లేచి అలుముకున్నది. జుట్టు సగం తెల్లగైంది. "చిక్కిపోయినవ్ పిల్లా" అన్నది. బుక్కు తెచ్చి నా ముంగట పెట్టి, "నువ్వు రాస్తుండు, నేను ఆఫీసుల ఫోటోలు ఇచ్చొస్త" అని పోయింది. ఎక్కడి నుంచి రాయాల్నో చూద్దామని ఎనక నుంచి తిప్పిన. ఎనక అట్టకు లోపల ఒక కాయితం పిన్ను కొట్టి ఉన్నది. దాని మీద ఆఫీసు ముద్ర. ఆఫీసోళ్లు పోకుంట గట్ల పెట్టిన్రేమో, ఆమె మర్చిపోయిందో, చూడనే లేదో.

అక్క చేతిరాత. గా చేతిరాతను నేను చీకట్ల గూడ గుర్తుపడత. ప్రిన్సిపాల్ సారుకు రాసింది. "ఈ పుస్తకం మీ పరిశీలనకు ఇస్తున్నాను. ఆమె తన లోపాలను స్వయంగా రాసి సంతకం చేసింది. రెండేళ్లుగా మార్పు లేదు. వచ్చే ఏడాది కొనసాగించవద్దని నా అభిప్రాయం." కింద దస్కత్. ఏప్రిల్ నెల తారీఖు. కమిటీ కూసునేదానికి రెండు నెలల ముంగటనే. గా ఏప్రిల్‌ల, కాలేజికి సెలవులిచ్చిన నాడు, మామిడికాయలు సంచిల పెట్టుకపోయి ఆమె ఇంట్ల ఇచ్చొచ్చిన నేను. తొక్కు పెట్టుకో అక్కా అని.

ఆమె వచ్చింది. నా చేతుల కాయితం చూసింది, ఆడనే తలుపు కాడ ఆగింది.

"గిది నీ రాతేనా అక్కా?"

అబద్ధం ఆడుతదనుకున్న. తాళం చెవి ముచ్చట మళ్ల చెప్తదనుకున్న. చెప్పలే. వచ్చి ఎదురుంగ కూసున్నది. "నీ క్లాసుల నాకు తప్పులు దొరకలే పిల్లా" అన్నది. "రెండో ఏటి నుంచి దొరకలే. ఎనక బెంచీల కూసోని ఎతికేదాన్ని. పిల్లలు నీ మొఖమే చూస్తుండిరి, నేనున్నట్టే వాళ్లకు యాది లేదు. నా దగ్గర రాసేతందుకు ఏం లేకుండె. నువ్వు రాసుకున్నవే ఉండె. గవే ఇచ్చిన."

నాకు ఆగలే. "లేని తప్పులు ఎతికి ఎతికి రాసిన గదనే నీకోసం! పేజీ ఖాళీగుంటే నువ్వు మొఖం మాడ్చుకుంటవని రాసిన! నీకు తెల్వదా?" అని అరిసిన. వరండల ఎవరో తొంగిచూసి పోయిన్రు.

"తెలుసు" అన్నది.

"తెలిసి ఇచ్చినవా?"

కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ ఆమెకు. ఈ సారి నేను తుడువలే.

"ఒక్కనాడన్న మంచిగుందని చెప్పకపోతివి గదా అక్కా. ఇన్ని శనివారాలల్ల ఒక్కటంటే ఒక్కసారి. నోరు రాకపాయెనా నీకు?"

అక్క చీర కొంగు వేలికి చుట్టుకున్నది. నా దిక్కు చూడకుంటనే అన్నది: "మంచిగుందని చెప్తే, ఇగ నా దగ్గరికి ఎందుకొస్తవు?"

బుక్కు మూసి ఆమె దిక్కు జరిపిన. సంచి తీసుకోని లేచిన. కొలువు ముచ్చట ఆమె ఎత్తలే, నేను అడగలే. వస్తుంటి అక్కా, నా క్లాసుల ఒక్క తప్పు లేకున్నా శనివారం నీ దగ్గరికే వస్తుంటి. గా మాట నా నోటి దాక వచ్చింది. అంటే ఆమె పానం నిమ్మలమయ్యేది. అనకుంటనే గడప దాటిన.